యానాం సరిహద్దు: ఎవరు దాటారు, ఎవరిని దాటించారు

మా అమ్మమ్మవాళ్ళ ఇంట్లో "యానాం పెళ్ళి" అనే మాట ఉండేది. "వాళ్ళది యానాం పెళ్ళిలే" అని ఎవరి గురించో అనుకుని పెద్దవాళ్ళు నవ్వుకునేవారు. యానాంలో జరిగిన పెళ్ళి కాబోలునని అప్పట్లో నేను అనుకున్నాను. తర్వాత ఎమ్మే చదివాను, తెలుగు పంతులునయ్యాను, ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు "కన్యాశుల్కం" గురించి చెబుతున్నాను, దాని మీద రెండు మూడు వ్యాసాలు కూడా రాశాను. ఇంత చేసీ ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉందని గాని, ఆ చరిత్రలో మా అమ్మమ్మ ఉందని గాని చాలా కాలం గమనించలేదు. గమనించేలా చేసింది తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె. "మాస్టారూ, గురజాడగారు నాటకం రాశాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు ఆగిపోయాయాండీ?" అని అడిగింది. వెంటనే ఆగలేదనీ, 1929లో చట్టం వచ్చిందనీ చెప్పాను. "చట్టం వచ్చాక ఆగాయాండీ?" అంది. అప్పుడు నాకు యానాం పెళ్ళి గుర్తుకు వచ్చింది.

సరిహద్దు ప్రాంతాల ప్రజల జీవితం గురించి మనకు దొరికే రాతల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి, రాజుల యుద్ధాలూ సంధుల చరిత్ర. రెండోది, రెండు సంస్కృతులు కలిసి వికసించాయనే మురిపెం. రెండింటిలోనూ మనుషులు కనబడరు. సరిహద్దును అర్థం చేసుకోవాలంటే ముందు అడగవలసిన ప్రశ్నలు వేరు. దాన్ని ఎవరు తమ ఇష్టంతో దాటారు? ఎవరిని దాటించారు? దాటడం వల్ల ఎవరికి ఏమి మిగిలింది? మన తెలుగు నేల మీదనే రెండు వందల ఏళ్ళకు పైగా ఉండిన ఒక అంతర్జాతీయ సరిహద్దును, అంటే యానాం చుట్టూ ఉండిన ఫ్రెంచి సరిహద్దును, ఈ ప్రశ్నలతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గీత ఎక్కడ పడింది

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట యానాం ఉంది. ఫ్రెంచి వర్తకులు 1723లో అక్కడికి వచ్చారు. కొన్నాళ్ళు వదిలి వెళ్ళి 1731లో తిరిగి వచ్చి స్థిరపడ్డారు. పక్కనే నీలపల్లిలోనూ ఇంజరంలోనూ ఇంగ్లీషు వర్తకుల స్థావరాలు. రెండు కంపెనీలకూ కావలసింది ఒక్కటే, ఈ ప్రాంతపు సాలెవాళ్ళు నేసిన బట్ట. ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంను పట్టుకోవడం, సంధి కుదిరినప్పుడల్లా తిరిగి ఇవ్వడం జరిగేది. 1814 పారిస్ సంధి తర్వాత అది శాశ్వతంగా ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. పరిపాలన 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పాండిచ్చేరి నుంచి.

ఈ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు వేరు వేరు జాతులవాళ్ళు కారు. ఒకే భాష, ఒకే కులాలు, ఒకే గోదావరి నీళ్ళు. అటు పిల్ల ఇటు కోడలు, ఇటు చేను అటు ఇల్లు. గీతను గీసింది పంట కాదు, భాష కాదు. ఇద్దరు పరాయి వ్యాపారుల లెక్కల పుస్తకాలు.

ప్రజలు మాత్రం ఈ పరాయి గీతను తమ మాటల్లోకి తెచ్చుకున్నారు. 1846లో కట్టిన కేథలిక్ చర్చి వాళ్ళకు "తెల్లోళ్ళ గుడి" అయింది. వెంకటేశ్వరస్వామి "మీసాల వెంకన్న" అయ్యాడు. లంకకు "ఫ్రాన్సు తిప్ప" అని పేరు వచ్చింది. ఆ పేర్లలో భయం లేదు, భక్తీ అంతగా లేదు. తమ వాకిట్లోకి వచ్చిన కొత్త వస్తువుకు ఒక పేరు పెట్టి పనిలోకి దిగే సామాన్యుడి ధోరణి ఉంది. సరిహద్దు సంస్కృతి అని ఏదైనా ఉంటే అది ఇదేనని నాకనిపిస్తుంది.

మన గ్రామాలకు పొలిమేర అనే భావన ఎప్పటినుంచో ఉంది. పొలిమేరకు ఒక దేవత ఉంటుంది. కలరా వచ్చినా మశూచి వచ్చినా జాతర చేసి ఆ పీడను పొలిమేర దాటించడం ఆచారం. అంటే ఊరు తనకు చెడు అనుకున్నదాన్ని గీత అవతలికి పంపుతుంది. ఫ్రెంచి సరిహద్దు ఈ ఆచారాన్ని తలకిందులు చేసింది. చట్టం చెడు అన్నదాన్ని ఊరే గీత అవతలికి తీసుకుపోయి, అక్కడ జరిపించుకుని, మళ్ళీ ఇంటికి తెచ్చుకోవడం మొదలైంది. ఇక్కడినుంచే నా కథ.

మొదట దాటినవాళ్ళు: కూలీలు

అయితే ఈ గీతను దాటిన మొదటి వాళ్ళు పెళ్ళివాళ్ళు కారు. 1828లో యానాం నుంచి పదిహేనుమంది తెలుగు కూలీలను ఓడ ఎక్కించి హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవికి తీసుకుపోయారు. ఇప్పుడు దాని పేరు రీయూనియన్. ఒడంబడిక మీద అక్కడి చెరకు తోటలకు వెళ్ళిన తొలి భారతీయుల జట్టుగా వాళ్ళను చరిత్రకారులు లెక్కిస్తారు. తర్వాత రెండేళ్ళలో అలా వెళ్ళినవాళ్ళ సంఖ్య మూడు వేలు దాటింది. 1848లో ఫ్రెంచి ప్రభుత్వం తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేశాక తోటల యజమానులకు కూలీల అవసరం ఇంకా పెరిగింది. 1860లో బ్రిటన్, ఫ్రాన్సులు రీయూనియన్‌కు కూలీలను పంపడం మీద ఒప్పందం చేసుకున్నాయి. కూలీల దుస్థితి మీద ఆరోపణలు ముదిరాక 1882లో బ్రిటిషు ప్రభుత్వం ఆ వలసను ఆపింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఫ్రెంచి రేవుల్లో ఓడ ఎక్కినవాళ్ళందరూ ఫ్రెంచి ప్రజలు కారు. చాలామంది బ్రిటిషు వైపు గ్రామాల్లోని భూమిలేని కులాలవాళ్ళు. కరువు తరిమితే, మేస్త్రీ ఆశ చూపితే గీత దాటారు. ఒక ప్రభుత్వపు కట్టుబాట్లు వాళ్ళను కాపాడవలసిన చోట రెండో ప్రభుత్వపు రేవు తెరిచి ఉంది. పక్కనే ఉన్న కోరంగి రేవు కథ కూడా ఇటువంటిదే. అక్కడినుంచి వెళ్ళిన వాళ్ళను బట్టి బర్మాలో తెలుగు కూలీలందరికీ "కోరంగీ" అని పేరు పడింది. మనిషికి ఊరి పేరు ఇంటిపేరు కావడం గౌరవం. మనుషులందరికీ ఓడ ఎక్కిన రేవు పేరే పేరు కావడం అటువంటిది కాదు.

పేదవాడికి సరిహద్దు ఒక వైపే తెరుచుకుంది. వెళ్ళడానికే గాని తిరిగి రావడానికి కాదు. కలిగినవాళ్ళకు మాత్రం అది ఉదయం తెరుచుకుని సాయంత్రం మళ్ళీ తెరుచుకునేది.

శారదా చట్టం, కల్యాణపురం

1929 సెప్టెంబరులో బాల్య వివాహాల నిరోధక చట్టం ఆమోదం పొందింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. పెళ్ళికి ఆడపిల్లకు 14 ఏళ్ళు, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండాలి. అజ్మీరుకు చెందిన హరబిలాస్ సార్దా ప్రతిపాదించాడు గనుక దానికి సార్దా చట్టమని పేరు. మనవాళ్ళ నోట అది శారదా చట్టమైంది. ఆడపిల్లల చదువుకు సంబంధించిన చట్టం కాబోలునని అనుకున్నవాళ్ళూ మా వైపు ఉండేవారట. ఆ పొరపాటులో ఒక సత్యం కూడా లేకపోలేదు.

చట్టానికీ అమలుకూ మధ్య ఆరు నెలల గడువు వచ్చింది. ఆ గడువులో దేశమంతటా పిల్లల పెళ్ళిళ్ళు వెల్లువెత్తాయి. 1921 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళ లోపు భార్యల సంఖ్య 85 లక్షలు. 1931 లెక్కల నాటికి అది ఒక కోటి 22 లక్షలు దాటింది. అయిదేళ్ళ లోపు భార్యల సంఖ్య సుమారు రెండు లక్షల నుంచి ఎనిమిది లక్షలకు పెరిగింది. చట్టం ఆపదలచుకున్నదాన్నే చట్టం వస్తుందన్న వార్త నాలుగింతలు చేసింది.

గడువు ముగిశాక ఏం చేయాలి? సంస్థానాలు దగ్గరున్నవాళ్ళు సంస్థానాలకు వెళ్ళారు. గోదావరి జిల్లాల వాళ్ళకు యానాం ఉంది. అక్కడ శారదా చట్టం లేదు. పెళ్ళిళ్ళ మూలంగా ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా స్థిరపడింది. పేరు ఎంత మంగళకరంగా ఉందో చూడండి.

ఫ్రాన్సు అంటే విప్లవాల దేశం కదా, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం నినాదంగా ఉన్న రిపబ్లిక్కు కదా, అక్కడ ఇది ఎలా సాధ్యమైంది అని అడగవచ్చు. జవాబు 1819 జనవరి 6 నాటి ఒక ఉత్తర్వులో ఉంది. ఫ్రెంచి ఇండియాలోని భారతీయులకు పూర్వంలాగే వారి వారి కులాచారాల ప్రకారం, మామూళ్ళ ప్రకారం న్యాయం జరుగుతుందని ఆ ఉత్తర్వు సారాంశం. తర్వాతి కాలంలో, 1881 నుంచి, కోరుకున్నవాళ్ళు తమ ఆచార ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వెళ్ళే వీలు కల్పించారు. కాని వదులుకోనివాళ్ళ ఇళ్ళలో ఏమి జరిగినా అది మామూలే. 1870ల నుంచి ఫ్రెంచి ఇండియా పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని పంపేది. ఆస్తితో నిమిత్తం లేకుండా పురుషులకు ఓటు ఉండేది. బ్రిటిషు వైపు పన్ను కట్టే వాళ్ళకూ చదువుకున్న వాళ్ళకూ మాత్రమే ఓటు ఉన్న రోజుల్లో, యానాం పడవవాడికి కాగితం మీదనైనా ఓటు ఉంది. ఆ ఓటు వేసే తండ్రి కూతురికి మాత్రం తన పెళ్ళి మీద తనకు మాట లేదు. వలస పాలకుడు మన ఆచారాన్ని గౌరవించాడని సంతోషించేవాళ్ళు, ఎవరి ఆచారాన్ని, ఎవరి మీద గౌరవించాడని కూడా అడగాలి.

మా అమ్మమ్మ పెళ్ళి 1936లో అయింది. ఆమెకు తొమ్మిదేళ్ళు, తాతయ్యకు పదిహేను. ఇద్దరికీ చట్టం ప్రకారం పెళ్ళీడు కాదు. ఆమె ఎనభైలలో ఉండగా ఒక సంక్రాంతి సెలవుల్లో అడిగితే ఇలా చెప్పింది:

"మమ్మల్ని చీకటితోనే పడవెక్కించార్రా. నేను మా మేనమామ ఒళ్ళో నిద్రపోయాను. లేచేసరికి యానాం. అక్కడ అలాంటి పెళ్ళివాళ్ళు ఇంకా ఉన్నారు. నన్ను బుట్టలో కూచోబెట్టి తీసుకొచ్చారు. కొబ్బరిబోండాం చేతిలో పెడితే బరువని కింద పెట్టేశాను. మా అత్తగారు అప్పుడే ఓ కేక వేసింది. పెళ్ళిలో ఆమె మాట నాకు అదే మొదటిది."

తిరుగు ప్రయాణంలో బ్రిటిషు సుంకం చౌకీ దగ్గర పడవ ఆపారట. యానాం నుంచి వచ్చే సీమగుడ్డ, సీసాల మీద సుంకం ఉంది. బంట్రోతు పెట్టెలు తెరిపించి, మూటలు విప్పించి చూశాడట. "ఏమీ దొరకలేదా?" అని అడిగాను. "మా చిన్నాన్న కొన్న సెంటుబుడ్డి ఒకటి దొరికింది. దానికి డబ్బు కట్టించుకున్నారు" అంది.

ఈ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పడవలో చట్టవిరుద్ధమైనది సెంటుబుడ్డి ఒక్కటే కాదు. పసుపుతాడు మెడలో వేసుకుని తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె బంట్రోతు ఎదురుగానే కూచుని ఉంది. ఆమెను ఎవరూ వెతకలేదు. ఎందుకంటే అప్పటి చట్టం బ్రిటిషు ఇండియాలో జరిగిన పెళ్ళికే వర్తిస్తుంది. ఈ సందు పాలకులకూ తెలుసు. 1938లో చట్టాన్ని సవరించి, బ్రిటిషు ప్రజలు గీత అవతలికి పోయి చేసుకున్న పెళ్ళిళ్ళకూ అది వర్తించేటట్టు చేశారు. సవరణ వచ్చేసరికి అమ్మమ్మ కాపురానికి వెళ్ళే మాటలు జరుగుతున్నాయి. సవరణ తర్వాత కూడా శిక్ష ఏపాటిది? చట్టం మొదటినుంచీ పెట్టిన పై హద్దు ఒక నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. అదీ ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తేనే. ఊళ్ళో పెద్దకుటుంబం మీద ఫిర్యాదు చేసే నాథుడెవడు?

సంప్రదాయమనేది ఎలా తయారవుతుందో చూడటానికి యానాం పెళ్ళి మంచి ఉదాహరణ. పడవ ఎక్కి, కాలవ దాటి, పరాయి ప్రభుత్వపు నేల మీద పెళ్ళి చేయడం ఏ శాస్త్రంలోనూ లేదు. అది అప్పటికి పదేళ్ళ వయసు కూడా లేని ఆచారం. అయినా చేసేవాళ్ళు దాన్ని సనాతన ధర్మ రక్షణ అనే అనుకున్నారు. ధర్మాన్ని రక్షించడానికి మ్లేచ్ఛుల జెండా కిందికి వెళ్ళడంలో వాళ్ళకు వైరుధ్యం కనబడలేదు. ఇక పెళ్ళికూతురిని బుట్టలో కూచోబెట్టి మేనమామ మోసుకురావడం మా వైపు ఇప్పటికీ ఉంది. పాతికేళ్ళ అమ్మాయి, ఉద్యోగం చేసుకునే అమ్మాయి, నవ్వుతూ బుట్టలో అడుగుపెడుతుంది. ఫొటోలు తీస్తారు. ఆ బుట్ట కొలత ఎవరిని చూసి అల్లినదో ఎవరూ అడగరు.

ఈ పెళ్ళిళ్ళలో యానాం సామాన్య ప్రజల పాత్ర ఏమిటి? పెళ్ళంటే వంటవాళ్ళు కావాలి, మేళం కావాలి, విడిదిళ్ళు కావాలి, పడవలు, బండ్లు కావాలి. కల్యాణపురంలో ఇవన్నీ ఒక బతుకుదెరువు అయ్యాయి. వాళ్ళను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. సరిహద్దు అంచున ఉన్న పేదవాడు గీతను అమ్ముకోడు, గీత మీదుగా పోయేవాళ్ళ మూటలు మోసి కూలి తీసుకుంటాడు.

ఒకే నది, రెండు ఘటనలు

మన సాహిత్య చరిత్రను నది వెంట చదివితే ఒక సంగతి తెలుస్తుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" తొలి కూర్పు పీఠికలో గురజాడ విశాఖపట్నం జిల్లా లెక్కలు ఇచ్చాడు. మూడేళ్ళలో తెలిసిన కన్యాశుల్క వివాహాలు 1,034. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ రెండు సంగతులూ మేము తరగతిలో చెబుతాం, పరీక్షలో అడుగుతాం. రాజమండ్రిలో ఆ పెళ్ళి జరిగిన అర్ధశతాబ్దికి, అదే గోదావరి దిగువన, సముద్రం దగ్గర, కొత్త వితంతువులను తయారుచేయగల పెళ్ళిళ్ళు చాటుగా జరిగాయని మాత్రం చెప్పం. సంస్కరణోద్యమ చరిత్రను గెలుపుల వరుసగా రాసుకోవడం మనకు అలవాటైంది. ప్రతి గెలుపు వెనుకా అది తప్పించుకుపోయిన దారి ఒకటి ఉంటుంది. ఆ దారిని కూడా రాయకపోతే చరిత్ర సగమే.

యానాంకు తెలుగు సాహిత్యంలో చోటు లేదని నేను అనడం లేదు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి బాల్యంలో కొంతకాలం అక్కడ ఉండి చదువుకున్నాడు. మన కాలంలో "మువ్వల చేతికర్ర" కవి శిఖామణి ఆ ఊరివాడు. బొల్లోజు బాబా "ఫ్రెంచిపాలనలో యానాం" అనే పుస్తకం రాశారు. అయితే పడవలో నిద్రపోయిన పిల్ల వైపు నుంచి రాసిన కథ నాకింకా తారసపడలేదు.

జెండా మారింది

1947లో బ్రిటిషువాళ్ళు వెళ్ళారు. యానాం ఫ్రెంచి పాలనలోనే ఉంది. కాబట్టి ఇంతకాలం రెండు వలస ప్రభుత్వాల మధ్య ఉన్న గీత ఇప్పుడు స్వతంత్ర దేశానికీ వలస ప్రభుత్వానికీ మధ్య గీత అయింది. చౌకీల్లో కట్టుబాట్లు పెరిగాయి. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనోద్యమకారులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. యానాంలోనే పుట్టి, ఫ్రెంచి ఇండియా పోలీసు ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వచ్చినవాడు ఆయన. అదే ఏడాది నవంబరు 1న ఫ్రెంచి ఇండియా మొత్తం పరిపాలన భారతదేశానికి వచ్చింది. విలీనపు ఒడంబడిక మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది చట్టరీత్యా అమలులోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఆ తర్వాత ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరుకున్న వాళ్ళు ఫ్రెంచి పౌరులుగా కొనసాగవచ్చునన్నారు. ఒకే వీధిలో, ఒకే ఇంటిపేరుతో, ఒకరు భారతీయులు, ఒకరు ఫ్రెంచివారు కావడం ఇలా జరిగింది.

1963లో పాండిచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైంది. భారత చట్టాలు ఒక్కొక్కటిగా అక్కడికి విస్తరించాయి. జెండా ముందు వచ్చింది, చట్టాలు వెనుక నడిచి వచ్చాయి. అంతర్జాతీయ సరిహద్దు పోయింది. కాని గీత పోలేదు. అది రెండు పాలనల మధ్య పన్నుల గీతగా మిగిలింది.

సీసా

ఆ మిగిలిన గీత చేసిన పని మా తరం కళ్ళతో చూసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యతా ఉద్యమంలో వాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ అనే ఆమె కథ ఒకటి ఉంది. ఆ పాఠమే వాళ్ళను కదిలించింది. రచయితలు ఈ సంగతి మరవకూడదు. మన కాలంలో ఒక ప్రభుత్వ విధానాన్ని మార్చిన రచన ఏ మహాకావ్యమూ కాదు, అక్షరాలు దిద్దుకునే వాళ్ళ కోసం రాసిన చిన్న పాఠం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ రెండేళ్ళూ యానాం బస్సు ఎందుకు కిటకిటలాడేదో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. యానాంలో నిషేధం లేదు. ఇది మొదటిసారీ కాదు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలైనప్పుడు కూడా యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో, నిషేధానికి బయట ఉంది. అప్పుడు పరాయి దేశం. 1995లో మన దేశమే. పని ఒక్కటే.

1930లో వచ్చిన చట్టం ఆడపిల్లకు కావలసినది. 1995లో వచ్చిన చట్టం ఆడవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది. రెండూ ఒకే గీత దగ్గర చిల్లు పడ్డాయి. రెండుసార్లూ గీత దాటినవాళ్ళు చేతిలో డబ్బున్న మగవాళ్ళు. రెండుసార్లూ ఫలితం మోసినవాళ్ళు ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు. దీన్ని యాదృచ్ఛికమని నేను అనుకోలేను. సరిహద్దు ఎవరి పక్షమూ వహించదని అంటారు. కాని దాటడానికి పడవ ఖర్చు, బస్సు ఖర్చు, తీరిక, ధైర్యం కావాలి. అవి ఎవరి దగ్గర ఉంటే సరిహద్దు వాళ్ళ పక్షం.

ఇప్పుడు యానాం ఎక్కడ ఉంది

యానాం వాళ్ళు చదివితే నొచ్చుకోవచ్చు. అందువల్ల స్పష్టంగా చెబుతున్నాను. ఇది యానాం ఊరి మీద అభియోగం కాదు. పెళ్ళికూతుళ్ళను ఎక్కించుకుపోయిన పడవలు మా కాలవల నుంచి బయలుదేరినవే. సీసాలు వెళ్ళింది మా ఇళ్ళకే. తప్పు గీత మీద ఉన్న ఊరిది కాదు, గీతను వాడుకున్న ఊళ్ళది.

ఇక ఆ విద్యార్థిని ప్రశ్నకు వస్తాను. 1978లో పెళ్ళి వయసు ఆడపిల్లకు 18కి, మగపిల్లవాడికి 21కి పెంచారు. 2006లో మరింత గట్టి చట్టం చేశారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయింది. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 23.3 శాతం.

ప్రశ్న వేసిన పిల్ల మరుసటి ఏడు పదో తరగతికి వచ్చింది. దసరా సెలవుల తర్వాత రాలేదు. నాలుగు వారాలు చూసి హాజరుపట్టీలో "దీర్ఘకాలంగా గైరుహాజరు" అని రాశాను. ఆ రాసింది నేనే, నా సొంత దస్తూరీతో. పక్క రాష్ట్రంలో ఉన్న మేనమామగారి ఊరికి తీసుకుపోయి అక్కడ గుడిలో పెళ్ళి చేశారని తర్వాత తెలిసింది. ఇక్కడ చేస్తే ఎవరైనా ఫోన్ చేసి అధికారులకు చెబుతారని భయమట. ఎవరైనా అంటే బహుశా నేనే అయి ఉంటాను. వాళ్ళు నన్ను చూసి భయపడినంత పని నేను చేయలేదు.

ఎనభై ఏళ్ళ తర్వాత కూడా పద్ధతి అదే. చట్టం కళ్ళు ఉన్న చోటు నుంచి లేని చోటుకి పిల్లను తీసుకుపోవడం. ఇప్పుడు దానికి ఫ్రెంచి జెండా అక్కరలేదు. తెలిసినవాళ్ళు లేని ఊరు ఉంటే చాలు.

సాహిత్య విద్యార్థులకు, నాతోటి రచయితలకు ఒక విన్నపం. సరిహద్దు కథలంటే ముళ్ళకంచె, తుపాకీ, విడిపోయిన అన్నదమ్ములు మాత్రమే అనుకోకండి. మీ అమ్మమ్మలను, నాయనమ్మలను, ఇంకా ఉన్నవాళ్ళను, పెళ్ళి ఏ ఊళ్ళో అయిందని అడగండి. ఎందుకు అక్కడ అయిందని అడగండి. వాళ్ళు చెప్పే చిన్న చిన్న సంగతులు రాసి పెట్టండి. మన చరిత్ర పుస్తకాల్లో సంధుల తేదీలు ఉన్నాయి. చౌకీ దగ్గర సెంటుబుడ్డి దొరికిన రోజు లేదు.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. చివరిసారి అడిగినప్పుడు, "యానాం మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళావా అమ్మమ్మా?" అన్నాను. "ఎందుకురా, అక్కడ నాకేముంది?" అంది. కాసేపాగి, "ఆ రోజు అక్కడ గోదావరి చూద్దామనుకున్నాను. ఎవరూ చూడనివ్వలేదు" అంది.